గిరీశం నోటి పనితనం

పరీక్ష తప్పిన కుర్రవాడి ఇంటి నుంచి నాలుగు డబ్బులు రాబట్టాలి. గురువూ శిష్యుడూ కూర్చుని కొనవలసిన పుస్తకాల జాబితా తయారుచేస్తారు. మొదట వచ్చేవన్నీ బళ్లో పిల్లలు చదివే పుస్తకాలే: రీడరు, గ్రామరు, జామెట్రీ, ఆల్జీబ్రా. ఆ తర్వాత ఎవరో సుబ్బారావుగారు సులువు చేసిపెట్టిన పుస్తకం ఒకటి చేరుతుంది. దాని వెనకే ఎవరో అయ్యరుగారు కష్టం చేసిపెట్టిన పుస్తకం. చుట్టల ఖర్చు కూడా ఈ చదువు పద్దులోనే కలిసిపోతుంది.

గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం చదివినవాళ్లంతా ఈ జాబితా దగ్గర నవ్వుతారు. నవ్వడం అయ్యాక ఒకసారి దాని కూర్పు చూడాలి. నిజం పేర్లు ముందు పెట్టి, వినేవాడి చెవి వాటికి అలవాటు పడ్డాక సగం నిజాన్ని తోసి, ఇక పట్టించుకోడని తేలాక పచ్చి వేళాకోళాన్ని వదిలాడు. మోసం పేర్చే వరస ఇదే. అయితే నాకు ఇంతకంటే గొప్పగా తోచేది ఆ అయ్యరుగారి పుస్తకం. దాని అవసరం అక్కడ లేదు. అది లేకపోయినా డబ్బు వచ్చేది. మామూలు దగాకోరు పని అయ్యేదాకా అబద్ధమాడి ఆపేస్తాడు. గిరీశం పని అయిపోయాక కూడా ఇంకొకటి ఆడతాడు, సరదాకి. ఆ ఒక్క అదనపు అబద్ధంతో గురజాడ మనిషి లోపలిదంతా బయటపెట్టేశాడు.

నీతీ నియమమూ లేని మనిషి ఎలా ఉంటాడో చెప్పమంటే తెలుగువాళ్లం ఇప్పటికీ గిరీశం పేరే చెబుతాం. కానీ గురజాడ అతణ్ణి నీతిమాలినవాడని ఎక్కడా తన నోటితో అనడు. నాటకంలో తిట్టేవాళ్లున్నారు, పూటకూళ్లమ్మ అయితే చీపురుతోనే వస్తుంది. ఆ తిట్లు ఆ మనుషులవి, వాళ్ల కష్టనష్టాలవి. రచయిత మాత్రం మనిషిని మన ముందు నిలబెట్టి మాట్లాడించి ఊరుకున్నాడు. ఆ మాటల తయారీ ఎలాంటిదో చూడటమే నా పని.

కాలం సంగతి కొంచెం చెప్పక తప్పదు. గురజాడ అప్పారావు పుట్టింది 1862లో. విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పి, ఆనందగజపతి మహారాజు కొలువులో ఉన్నాడు. నాటకం మొదట ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. ఆ అచ్చుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఒక లెక్క ఉంది. మహారాజు విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్కం పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ వివాహాల పట్టీ రాయిస్తే మూడేళ్లకు 1034 తేలాయి. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లున్నారు, మూడేళ్లవాళ్లున్నారు, ఏడాది పసిగుడ్లు కూడా ఉన్నారు. వితంతువులు మళ్లీ పెళ్లాడవచ్చునని 1856లోనే చట్టం వచ్చింది. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించాడు. అంటే గిరీశం రంగం మీదికి వచ్చేనాటికి సంస్కరణ అన్నది సభలూ లెక్చర్లూ పత్రికలూ ఉన్న వ్యవహారమైపోయింది. మంచిమాటకు గిరాకీ ఏర్పడింది. గిరాకీ ఉన్నచోటికి గిరీశం వస్తాడు.

మొదటి రంగం విజయనగరంలోని బొంకులదిబ్బ. అది ఆ ఊళ్లో నిజంగానే ఉన్న చోటు కాబట్టి పేరు అతికించాడని గురజాడను ఎవరూ అనలేరు. పూటకూళ్లమ్మ దగ్గర సరుకులకని పుచ్చుకున్న సొమ్ము వేశ్య మధురవాణికి అర్పించేసి, ఇక ఊళ్లో నిలవడం క్షేమం కాదని గిరీశం తనలో తాను తర్కించుకుంటూ కనపడతాడు. శిష్యుడు వెంకటేశం వస్తాడు. కాసేపటికి, మధురవాణితో కలిసి తీయించుకున్న ఫొటోల డబ్బు కోసం ఫొటోగ్రాఫరు నౌకరు వస్తాడు. తనతో తానొక మాట, శిష్యుడితో ఒక మాట, బాకీ అడగవచ్చినవాడితో ఒక మాట. గొంతు మారుతుంది, భాష పాళ్లు మారతాయి. శిష్యుడి దగ్గర ఇంగ్లీషు ఎక్కువ, వాణ్ణి షేక్‌స్పియర్ అని పిలిచేటంత ఎక్కువ. నౌకరు దగ్గర ఇంగ్లీషు వాణ్ణి బెదరగొట్టడానికి సరిపడా మాత్రమే. ఏ రోటి దగ్గర ఆ పాట అంటాం గానీ, ఒక్క రంగంలోనే ఇన్ని రోళ్లు వరసగా పేర్చి, పాట ఎక్కడా తప్పకుండా పాడించడం రాసేవాడికి చిన్న పని కాదు. ఒక్క వాక్యం పొల్లుపోయినా ప్రేక్షకుడికి గిరీశం కాక రచయిత కనపడతాడు. గురజాడ ఎక్కడా కనపడలేదు.

ఇంగ్లీషు రంగం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. కృష్ణరాయపురం అగ్రహారం, అగ్నిహోత్రావధాన్లు ఇల్లు. కొడుకు వెంకటేశం చదువుకు డబ్బు పోసి పోసి విసిగిపోయిన తండ్రి ఆయన. గిరీశం సెలవుల్లో పాఠం చెబుతానని కుర్రాడి వెంట వచ్చాడు. వీళ్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని ఇంట్లోవాళ్లకు సరదా పుట్టింది. గురువు చంటిపిల్లలు పాడుకునే నక్షత్రం పాట ఎత్తుకుంటాడు. శిష్యుడు పాఠంలోని గుడారాన్నీ అందులోని తెల్లవాణ్ణీ అప్పజెబుతాడు. గురువు మిల్టన్ మహాకావ్యం మొదటి పంక్తి అందుకుంటాడు. మధ్యలో జామెట్రీ సిద్ధాంతం ఒకటి, అదీ తప్పుల తడక. శిష్యుడు బహువచనాల వ్యాకరణ సూత్రంతో ముగిస్తాడు. తల్లి మురిసిపోతుంది. అర్థమేమిటని తండ్రి అడిగితే సెలవుల్లో చదువు ఎలా సాగించాలో మాట్లాడుకున్నామని గిరీశం తొణక్కుండా చెబుతాడు.

ఈ రంగాన్ని వేదిక మీద చూసినప్పుడల్లా హాలు మోగిపోతుంది, దాని హాస్యం అంత తేటగా ఉంటుంది. పుస్తకంలో నెమ్మదిగా చదివితే ఇంకో సంగతి దొరుకుతుంది. ఆ సంభాషణలో ఒక్క మాటా గిరీశం సొంతం కాదు. పాట ఎవరిదో, కావ్యం ఎవరిదో, సూత్రం ఇంకెవరిదో. ఒకదానికొకటి సంబంధం లేదు. కానీ ఎత్తుకోవడం, ఆపడం, బదులు చెప్పినట్టు తల ఊపడం, అంతా నిజం సంభాషణలాగే ఉంది. ఆ తరవాత నాటకం నిండా అతడు చేసేది ఇదే. పరాశరుడైనా, సంఘసంస్కరణ అయినా, టెన్నిసన్ అయినా, పొగచుట్ట మహిమ చెప్పే పద్యమైనా అతడికి ఒకటే సరుకు. ఎక్కడినుంచో తెచ్చి, వినేవాళ్లకు తెలియని భాషలో, తెలిసిన ధోరణిలో వినిపిస్తాడు. అంటే గురజాడ ఇక్కడ గిరీశం యంత్రాన్ని మూత తీసి చూపించాడు. చూపించింది కూడా పసిపిల్లవాడి పాఠంతో, ఎవరికీ హాని లేని చోట. ఇదే యంత్రం రేపు కుర్రాడి అక్క, వితంతువు బుచ్చమ్మ ముందు తిరగబోతోంది.

దీని పక్కనే ఇంకొకటి పెట్టాడు. మేనమామ కరటకశాస్త్రి కుర్రాణ్ణి తెలుగు పద్యం చదవమంటాడు. కుర్రాడు నలదమయంతుల పద్యం అప్పజెబుతాడు గానీ అర్థం చెప్పమంటే దిక్కులు చూస్తాడు. అవధాన్లు వేదపండితుడు, కరటకశాస్త్రి సంస్కృత నాటకాల విదూషకుడు, గిరీశం ఇంగ్లీషు మొనగాడు. ముగ్గురు చదువరుల మధ్య కూర్చున్న పిల్లవాడికి వచ్చింది చుట్ట కాల్చడం ఒక్కటే, ఆ మాట వాడే మొదటి రంగంలో ఒప్పుకున్నాడు కూడా. అయినా మనకు గిరీశం మీద కోపం రాదు. అదే చిక్కు. గురజాడ మన చేత నవ్వించి మనల్ని అతడి పక్షాన కూర్చోబెట్టుకున్నాడు. లేవాలంటే తరవాత మనమే ప్రయత్నం చేయాలి.

ఒంటరిగా ఉన్నప్పుడు గిరీశం ఏమంటాడో చూడండి. నాటకాల్లో దుర్మార్గుడికి స్వగతం ఇవ్వడానికి కారణం ఉంటుంది: లోకం ముందు వేసుకున్న ముసుగు అక్కడ తీస్తాడు, మనకు అసలు మొహం కనపడుతుంది. గిరీశానికీ స్వగతాలు దండిగానే ఉన్నాయి. తీరా వింటే అక్కడా లెక్చరే. తనను తాను మెచ్చుకోవడం, తన ఎత్తుకు తానే చప్పట్లు కొట్టుకోవడం, ఇంగ్లీషు ముక్కలు విసరడం, వినేవాడు లేకపోయినా విసరడం. బుచ్చమ్మ అందం తలచుకున్నప్పుడు కాస్త మెత్తబడినట్టు అనిపిస్తుంది. అది ప్రేమా, లెక్కా, లెక్కకు కట్టిన ప్రేమ పేరా అన్నది తేల్చుకోవడం అతడి వల్లే కాదు. ముసుగు కింద ముసుగే ఉంచి, అసలు మొహం ఉందో లేదో కూడా చెప్పకుండా వదిలేయడం 1890లలో తెలుగు నాటకం రాస్తున్నవాడికి ఎలా తట్టిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక అన్నిటికంటే సాహసమైన పని. గిరీశం చెప్పే మాటలు చాలావరకు సరైనవి. బాల్యవివాహం అన్యాయమంటాడు, అన్యాయమే. ముసలివాడికి పసిపిల్లను అమ్మడం ఘోరమంటాడు, ఘోరమే. వితంతువుకు మళ్లీ పెళ్లి చేయాలనీ, శాస్త్రంలో అందుకు ఆధారం ఉందనీ అంటాడు. వీరేశలింగం సభల్లో వాదించిందీ అదే. మంచివాడి నోట మంచిమాట పెట్టడం ఎవరైనా చేస్తారు, చెడ్డవాడి నోట చెడ్డమాట అంతకంటే తేలిక. గురజాడ తాను నమ్మిన మాటల్ని, తన నాటకం దేనికోసం పుట్టిందో ఆ మాటల్నే, తాను ఏమాత్రం నమ్మని మనిషి చేతికిచ్చాడు. మాటను పారేద్దామంటే అది నిజం. మనిషిని నమ్ముదామంటే పూటకూళ్లమ్మ సొమ్ము గుర్తొస్తుంది. ఆవిడా వితంతువే, మరిచిపోకూడదు. వితంతువుల మీద ఇంగ్లీషులో పద్యం కట్టిన కవి, ఒక వితంతువు కష్టార్జితం ఊడ్చుకుపోయి బోగందాని ఇంట్లో పెట్టాడు. ఈ రెండు సంగతుల్నీ గురజాడ ఎక్కడా పక్కపక్కన పెట్టి వేలెత్తి చూపించలేదు. ఒకే అంకంలో ఉంచాడు, అంతే.

బుచ్చమ్మ దగ్గర గిరీశం గొంతు పూర్తిగా మారిపోతుంది. ఆరుబయట లెక్చరు కొట్టే మనిషి ఆవిడ ముందు భాష తగ్గించుకుంటాడు. తమ్ముడికి చెబుతున్నట్టే చెబుతూ అక్కకు వినిపిస్తాడు. ఆవిడ అమాయకురాలే గానీ తెలివిలేనిది కాదు. గురజాడ ఆవిణ్ణి మెరిసే మాటలకు పడిపోయే మనిషిగా రాయలేదు. ఆవిడ కదిలింది చెల్లెలి కోసం. సుబ్బిని పద్దెనిమిది వందలకు ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టబోతున్నారు. తాను ఇల్లు దాటితే ఆ పెళ్లి ఆగిపోతుందన్న ఆశ చూపించాడు గిరీశం. ఆవిడలో ఉన్న ఒక్కగానొక్క స్వార్థం లేని కోరికను వెతికి పట్టుకుని, దాన్నే తలుపు గడియగా తీశాడు. పుస్తకాల జాబితా దగ్గర నవ్వినవాడికి ఇక్కడ నవ్వు రాదు. పనితనం మాత్రం అదే: ముందు నిజం, దాని వెంట సగం నిజం, చివర తన అవసరం.

గిరీశం ఒక్కడే అబద్ధాలకోరైతే నాటకం చప్పగా ఉండేది. ఇందులో అబద్ధమాడనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రామప్పంతులు కోర్టుపక్షి, కాగితాలు పుట్టించేవాడు, డాబుసరి మనిషి. అతడి అబద్ధం నోటి నుంచి రాకముందే అవతలివాళ్లకు తెలిసిపోతుంది. మధురవాణి చేతిలో అతడు పడే పాట్లన్నీ ఆ డాబు వల్లే. కరటకశాస్త్రి పెద్ద అబద్ధమే ఆడాడు. మగపిల్లవాడికి చీర కట్టి, ఆడపిల్లని చెప్పి ముసలివాడికి అమ్మేశాడు. అది మేనకోడల్ని కాపాడటానికి. పనయ్యాక చిక్కుల్లో పడి వణికాడు. సిద్ధాంతి ముహూర్తాల్లో, బైరాగి తన వయసులో, హెడ్డు కనిష్టీబు కేసు నడకలో ఎవరికి చేతనైనంత వాళ్లు కల్పించారు. ఇంతమంది మధ్య గిరీశానికి ప్రత్యేకత ఏమిటంటే, మిగతావాళ్లందరికీ తాము అబద్ధమాడుతున్నామని తెలుసు. గిరీశానికి ఆ తేడానే లేదు. చెబుతున్నంతసేపూ అతడికది నిజమే. గది దాటితే అదేమిటో అతడికే గుర్తుండదు.

మొదటి అంకంలోనే మధురవాణి ఇంట్లో మంచం కింద ఇద్దరు పెద్దమనుషులు దాక్కునే రంగం ఉంది. పాత కొనుగోలుదారు గిరీశం, కొత్త కొనుగోలుదారు రామప్పంతులు, పైన చీపురుతో పూటకూళ్లమ్మ. అచ్చమైన ప్రహసనం. ఇద్దర్నీ ఒకే చోట, ఒకే స్థితిలో, అంత దగ్గరగా ఉంచితే తప్ప ఇద్దరి మధ్య తేడా తెలియదు. మోటుతనం ఒకడిది, నాజూకు ఒకడిది. నాజూకు ఉన్నవాడే ఎక్కువ దూరం వెళతాడని తరవాత ఆరు అంకాలూ చూపిస్తాయి.

మధురవాణిని ఇందుకే తెచ్చి పెట్టాడనిపిస్తుంది. లోకం నీతి లేదని ముందే తేల్చేసిన వృత్తి ఆమెది. ఆమెకు మాత్రం గీతలున్నాయి. చెడనివాణ్ణి చెడగొట్టవద్దని తల్లి చెప్పిన మాట ఆమెకు శిలాశాసనం. చివరి అంకంలో మగవేషం వేసుకుని వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి, మాయమైన ఆ దొంగ పెళ్లికూతుర్ని చంపాడన్న కేసు నుంచి లుబ్ధావధాన్లను బయటపడేసే మార్గం చెబుతుంది. ప్రతిఫలంగా ముద్దు అడిగి, ఆయన మాటకు కట్టుబడి ఇవ్వబోయే సమయానికి తానే వద్దంటుంది. అడ్డొచ్చింది ఆ తల్లి మాటే. గిరీశం గుట్టు విప్పేదీ ఆమే. అన్ని నీతివాక్యాలూ కంఠస్థం వచ్చినవాడికి ఒక్క గీత లేకపోవడం, ఒక్క లెక్చరూ ఇవ్వని మనిషికి దాటరాని గీత ఉండటం ఒకే గదిలో ఎదురుపడతాయి. సౌజన్యారావు పాత్ర బలహీనమనీ, మంచితనం తప్ప మరేమీ లేదనీ విమర్శకులు అంటారు. నిజమే, ఆయన మాట్లాడుతుంటే నాటకం కాస్త కుంటుతుంది. కానీ గిరీశం మాటను ముఖవిలువకు తీసుకునే మనిషి ఒకడు ఉండాలి కదా. తాను నిజం చెప్పేవాడు గనక ఎదుటివాడూ నిజమే చెబుతున్నాడనుకునే మనిషి. ఆయన చప్పదనం గిరీశానికి కావలసిన గోడ.

ఇదంతా ఒక్క ఊపులో వచ్చింది కాదు. 1897 నాటి అచ్చులో అయిదే అంకాలు. గురజాడ దాన్ని పన్నెండేళ్లు దగ్గర పెట్టుకుని, దాదాపు కొత్తగా రాసి, ఏడంకాలు చేసి 1909లో మళ్లీ అచ్చేశాడు. మధురవాణి ఎదిగింది, ఆమెతోపాటు చుట్టూ ఉన్నవాళ్లూ ఎదిగారు. మొదటి కూర్పు చాలాకాలం దొరక్కపోతే పరిశోధకుడు బంగోరె వెతికి తీసి 1969లో అచ్చు వేయించాడు. రెండూ దగ్గర పెట్టుకుని చదవమని నాటకాలు రాసేవాళ్లకు నేను గట్టిగా చెబుతాను. అప్పటికే ఆడి, జనం మెచ్చిన నాటకాన్ని విప్పి మళ్లీ కుట్టడానికి ఎంత గుండె కావాలో అప్పుడు తెలుస్తుంది.

వేషం కట్టేవాడికి గిరీశం వరమూ గండమూ కూడా. 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమాలో ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. రంగస్థలం మీద జె.వి. రమణమూర్తి ఏళ్ల తరబడి గిరీశం వేశాడు, అన్నగారు జె.వి. సోమయాజులు రామప్పంతులు. నటుడికి ఉండే ప్రమాదం ఒకటే: గిరీశం మరీ ముద్దొచ్చేస్తాడు. మాట అంత హుషారుగా ఉంటే ఏ నటుడైనా దాని వెంట కొట్టుకుపోతాడు, ప్రేక్షకుడూ పోతాడు. అతి చేసి దుర్మార్గుణ్ణి చేస్తే బుచ్చమ్మ వెంట వెళ్లడం నమ్మశక్యం కాదు. ఈ రెంటి మధ్య నిలబడటానికి ఒక్కటే దారి, గురజాడ రాసిన మాటను రాసిన పాళంలో చెప్పడం. ఆ పాళం విజయనగరం వీధుల్లోది. ఉత్తరాంధ్ర యాస తెలియని నటుడు గ్రాంథికం వైపు జారాడంటే గిరీశం అక్కడికక్కడే ఉపన్యాసకుడైపోతాడు.

చివరికి గిరీశానికి శిక్ష ఏమిటి? బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపి చదివించాలని సౌజన్యారావు తేలుస్తాడు. గిరీశాన్ని వెళ్లి చదువుకుని పరీక్ష ప్యాసవమంటాడు. జైలు లేదు, చీపురు కూడా లేదు. పరీక్ష తప్పిన శిష్యుడికి గురువైన మనిషికి పరీక్షే శిక్ష. తరవాత నాటకంలో మిగిలింది అతడి ఒకే ఒక్క చిన్న మాట, తెలుగు తెలిసినవాళ్లలో ఎవరూ వినకుండా ఉండని మాట: ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది.’ అందులో పశ్చాత్తాపం లేదు. కోపం కూడా అంతగా లేదు. తప్పు కథ మీదికి తోసేశాడు. బుచ్చమ్మ బతుకూ సుబ్బి పెళ్లీ పూటకూళ్లమ్మ సొమ్మూ తాను నడిపిస్తున్న ఒక కథ, అది చెప్పినట్టు వినలేదు, అంతే. ఏడంకాలు రాసిన గురజాడ ఆ మనిషి నుంచి అంతకుమించి ఒక్క అక్షరం కూడా పిండలేదు. ఇంకో వాక్యం రాసి ఉంటే అది తప్పొప్పుల పట్టీ అయి ఉండేది.

ముళ్లపూడి వెంకటరమణ ‘గిరీశం లెక్చర్లు’ అని సినిమా లోకం మీద రాసినప్పుడు పాత గొంతునే తీసుకున్నాడు. అప్పటికి అగ్రహారాలు పోయాయి, కన్యాశుల్కం పోయి కట్నం వచ్చింది, బోగంమేళాలు పోయాయి. సినిమా గురించి మాట్లాడటానికి గిరీశానికి కొత్తగా నేర్పవలసింది ఏమీ లేకపోయింది.